మంత్రిగారి గొంతూ, బస్టాండు చిలకా

బస్టాండులో అందరూ ఆయన్ని చిలక అనేవారు. మైకులో బస్సుల రాకపోకలు చెప్పడం ఆయన ఉద్యోగం. విచారణ కౌంటర్ వెనకాల కిటికీ కూడా లేని ఇరుకు గది, అందులో ఒక మైకు, గరగరా శబ్దమే తప్ప గాలి రాని ఫ్యాను, ఒక కాలు పొట్టిదైన కుర్చీ. కౌంటర్ గుమాస్తాకీ ఆయనకీ మధ్య గోడలో చెయ్యి పట్టేంత కన్నం ఉండేది. సమాచారమంతా అందులోంచే నడిచేది. ఊళ్ళో ఆయన గొంతు వినని మనిషి లేడు, ఆయన మొహం గుర్తుపట్టే మనిషీ లేడు.

ఆ లోటు తీర్చుకోవడానికే కాబోలు, సెలవురోజుల్లో మిమిక్రీ చేసేవాడు. స్కూలు వార్షికోత్సవాలు, ఉద్యోగుల వీడ్కోలు సభలు, ఎవరు పిలిచినా కాదనేవాడు కాదు. కుక్కల కొట్లాట, స్టార్టవనని మొరాయించే పాత స్కూటరు, నీళ్ళు రాని కుళాయిలో గాలి చేసే గురగురలు, అన్నీ వినిపించేవాడు. అయితే జనం ఈలలు వేసేది మాత్రం ఒక్కదానికే. అది మంత్రిగారి గొంతు. మాట మొదలెట్టే ముందు గొంతులో కంకర దొర్లినట్టు ఒక సకిలింపు, మాట ముగించాక "అంతేగా మరి" అని ఒక ఊతపదం. "మంత్రిగారికైనా ఇంత బాగా రాదయ్యా" అని జనం వీపు తట్టి వెళ్ళేవారు. ఆయన రెండు రోజులు నేలమీద నడిచేవాడు కాదు.

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆయన భార్య మాత్రం మొదటినుంచీ మూతి విరిచేది.

"ఏవండీ, కుక్కలా అరిస్తే ఏ కుక్కా వచ్చి కేసు పెట్టదు. మనుషుల్లో మంత్రి తప్ప ఇంకెవరూ దొరకలేదా మీకు?"

"కళ నీకేం తెలుసే" అనేవాడాయన.

ఆ సభలన్నింటిలోనూ ఆయనతోపాటు తప్పకుండా కనిపించే మనిషి ఇంకొకడుండేవాడు. ఫోటోలు, వీడియోలు తీసే యువకుడు. అందరూ ఫ్లాష్ అని పిలిచేవారు. నోరు మూతపడదు. వరస తెలియనివాళ్ళని కూడా "బాబాయ్, కొంచెం నవ్వండి, మీ పళ్ళు నేనేం ఎత్తుకుపోను" అని నవ్వించి ఫోటో తీసేవాడు. చిలక స్టేజీ మీద ఉంటే కెమెరా వెనకనుంచి "బాబాయ్, కుళాయి! కుళాయి!" అని అరిచేది వాడే. వాడంటే చిలకకి విసుగూ ఉండేది, ఇష్టమూ ఉండేది. వాడి అసలు పేరేమిటని ఎప్పుడూ అడగలేదు.

ఒకరోజు ఆ ఫ్లాష్ తన స్టూడియోలోనే చచ్చిపడి ఉన్నాడు. ఎవరో కెమెరా స్టాండుతో తలమీద కొట్టారు. కెమెరా పోయింది. ఊరు ఆ దెబ్బనుంచి తేరుకోకముందే టీవీలో ఒక టేపు మోగడం మొదలైంది. మంత్రిగారి అతిథిగృహంలో జరిగిన ఏదో విందుకి వీడియో తియ్యడానికి వెళ్ళిన ఫ్లాష్, కెమెరాని పక్కగదిలో ఆపకుండా వదిలేశాడట. మరిచిపోయి వదిలేశాడో, కావాలనే వదిలేశాడో చెప్పడానికి ఇప్పుడు వాడు లేడు. అందులో బొమ్మ లేదు, గొంతు మాత్రం ఉంది. ముందు కంకర సకిలింపు. తరవాత, "ఆసుపత్రి స్థలం మనవాళ్ళకే రావాలి. అడ్డొచ్చినవాడి సంగతి తేల్చెయ్యండి. అంతేగా మరి."

ఆ టేపు చూపించి ఫ్లాష్ చాలాకాలంగా మంత్రిగారిని బెదిరిస్తున్నాడనీ, అదే టేపుని ప్రతిపక్ష నాయకుడికి కూడా అందించాడనీ, ఆయనే టీవీకిచ్చాడనీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. రాజీనామా చెయ్యాలని ఊరు హోరెత్తింది. సాయంత్రానికి మంత్రిగారు విలేకరుల ముందు కూర్చున్నారు.

చిలకా భార్యా అప్పుడే భోజనానికి కూర్చున్నారు. టీవీ నడుస్తోంది.

"ఆ గొంతు నాది కాదు" అన్నారు మంత్రిగారు. "ఈ ఊరి బస్టాండులో నా గొంతుతో పొట్టపోసుకునే మిమిక్రీవాడొకడున్నాడు. చచ్చినవాడూ వీడూ జంట. ఇద్దరూ కలిసి దొంగటేపు తయారుచేసి నన్ను బెదిరించారు. వాటాల దగ్గర తగాదా వచ్చి కొట్టుకుని ఉంటారు. అంతేగా మరి."

చిలక నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. భార్య లేచి టీవీ కట్టేసి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"తినండి" అంది. "మళ్ళీ ఎప్పుడు తింటారో ఏమో."

మర్నాడు పొద్దున్నే స్టేషనుకి పిలిపించారు. ఇన్‌స్పెక్టరు వారం రోజులుగా నిద్రలేనివాడిలా ఉన్నాడు. టేపులోని మాటలు చెప్పి, "ఇదే వాక్యం మంత్రిగారి గొంతుతో చెప్పు" అన్నాడు. పక్కన రికార్డు చేసే యంత్రం, చుట్టూ నలుగురు కానిస్టేబుళ్ళు.

బాగా చేస్తే మెడకి చుట్టుకుంటుందని చిలక కావాలనే పేలవంగా చేశాడు. సకిలింపు బదులు దగ్గాడు. వెనకనుంచి ఒక కానిస్టేబులు నొచ్చుకున్నాడు. "ఇది కాదు సార్. మావాడి స్కూల్లో అదరగొట్టాడు సార్, నేనే ఈల వేశాను."

"ఏమయ్యా, నాటకాలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇక తప్పక చిలక కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, ఉన్నదున్నట్టు దించేశాడు. "అంతేగా మరి" దగ్గరికొచ్చి కళ్ళు తెరిచేసరికి ఇన్‌స్పెక్టరు కుర్చీలోంచి సగం లేచి నిలబడి ఉన్నాడు. ఆ సంగతి ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. మొహం కందగడ్డలా చేసుకుని కూర్చున్నాడు.

"చూశావా? నేనే లేచాను. ఇంక నువ్వు కాదంటే ఎవరు నమ్ముతారు?"

"బాగా చెయ్యడం నేరమా సార్? వాడు చనిపోయిన సాయంత్రం నేను డ్యూటీలో ఉన్నాను. ఊరంతా విన్నది నా గొంతు."

"ఊరంతా విన్నది గొంతు. నువ్వున్నావా అన్నది ప్రశ్న."

రోజూ వేళకి బయల్దేరే బస్సుల కోసం చిలక చేతే ముందే చెప్పించి పెట్టుకున్న రికార్డు ఉంది. మీట నొక్కితే మనిషి లేకపోయినా గొంతు మోగుతుంది. పోలీసులు అది వెళ్ళి నొక్కి చూశారు కూడా. పోనీ గుమాస్తాని అడగండి అన్నాడు చిలక. అడిగారు. గుమాస్తా బదిలీ కాగితం మంత్రిగారి కచేరీలోనే నానుతోంది. "నేను కన్నంలోకి చెప్తానండీ. అవతల వింటున్నది ఎవరో నేను వంగి చూడలేదండీ" అన్నాడు. పన్నెండేళ్ళుగా ఒకే టిఫిన్ డబ్బా పంచుకున్న మనిషి!

అరెస్టు చెయ్యలేదు గానీ ఊరు దాటొద్దన్నారు. తేలేదాకా మైకు ముట్టుకోవద్దని బస్టాండు అధికారులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆయన ఇంట్లో ఉన్నా గొంతు మాత్రం ఉద్యోగానికి వెళ్తూనే ఉంది. అన్నింటికీ రికార్డే నొక్కుతున్నారు. అదే వారంలో మరమ్మతులని ప్లాట్‌ఫారాలు మార్చారు. చిలక గొంతు పాత చోటే చెప్తోంది. ముసలీ ముతకా సామాన్లు మోసుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగెత్తేలోపు బస్సు తప్పిపోయి, ఆ గొంతుగలవాడిని నానా తిట్లూ తిడుతున్నారు. కూరల కొట్లో ఒకావిడ ఆయన పక్కనే నిలబడి, "ఆ మైకువాడి నోట్లో మన్ను పొయ్య" అంది. ఆయన గొంతు మార్చి "అవునండీ" అన్నాడు. ఏం చేస్తాడు మరి.

గోరుచుట్టు మీద రోకటిపోటులా బావమరిది దిగాడు. భార్య తమ్ముడు, మంత్రిగారి పార్టీ కచేరీలో కుర్చీలు సర్దే స్థాయి నాయకుడు.

"బావా, అంతా మాట్లాడేశాను. మీరు ఒక్క మాట అంటే చాలు. ఆ టేపు నేనే చేశాను, సరదాకి చేశాను అనండి. చిన్న కేసు, చిన్న శిక్ష. హత్య సంగతి వాళ్ళు చూసుకుంటారు."

"ఎవరి మీద చూసుకుంటార్రా?"

"అది మనకెందుకు బావా?"

"నేను చెయ్యనిది చేశానని చెప్పడమేమిట్రా?"

"రోజూ చేసేదేగా! ఆ గొంతుతో మీరు ఎన్నిసార్లు మాట్లాడలేదు? అందులో ఇదొకటనుకోండి."

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఒరేయ్, నీ చెప్పులెక్కడ విడిచావు?"

"గుమ్మం దగ్గర."

"వెళ్ళి తొడుక్కో."

బావమరిది వెళ్ళిన మర్నాడే ప్రతిపక్ష నాయకుడి మనుషులు కారులో వచ్చారు. వాళ్ళు మర్యాదస్తులు. పళ్ళు తెచ్చారు, "మీకు జరిగిన అన్యాయానికి మా నాయకుడి గుండె తరుక్కుపోతోంది" అన్నారు. ఆదివారం బహిరంగసభట. చిలక స్టేజీ ఎక్కాలట.

"ఎక్కి ఏం చెప్పమంటారు? నాకే పాపం తెలీదనా?"

"అది చప్పగా ఉంటుందండీ. మంత్రి గొంతుతోనే 'నేనే చంపించాను, అంతేగా మరి' అనండి. జనం పడి చస్తారు."

అప్పటిదాకా ఓర్చుకుని ఉన్న మనిషికి చిర్రెత్తుకొచ్చింది. "ఏమయ్యా, నేను చెయ్యలేదని చెప్పడానికి కూడా నేనే చెయ్యాలా! వాళ్ళేమో చేశానని చెప్పమంటారు, మీరేమో చేసి చూపించమంటారు. అక్కడో కుర్రాడు చచ్చిపోయాడు. వాడి గురించి ఒక్కడైనా ఒక్క మాట అడిగాడా?"

వాళ్ళు మొహమొహాలు చూసుకుని లేచారు. పళ్ళు కూడా తీసుకుపోయారు.

ఆ సాయంత్రం ఆయన అరుగుమీద కూర్చున్నాడు. భార్య టీ తెచ్చి పక్కన పెట్టి, తనూ కూర్చుంది. "నేను మూగవాణ్ణయి పుట్టినా బావుండేది" అన్నాడు.

"అప్పుడు సైగలు చేశారని పట్టుకుపోయేవాళ్ళు" అందావిడ.

రెండు రోజులు గడిచాక, ఎండ ఇంకా వాలకముందే, వీధిగుమ్మం దగ్గర ఒకామె నిలబడి కేకలు వెయ్యడం మొదలుపెట్టింది. నలభై దాటిన మనిషి, చేతిలో సంచి, మొహమంతా పీక్కుపోయి ఉంది.

"బయటికి రారా! తోటివాడని కూడా చూడకుండా చంపుతావా! వాడు తప్పే చేశాడు, కాదనను. తప్పు చేసినవాణ్ణి తన్నండి, జైల్లో పెట్టండి. చంపుతారా?"

ఆమె ఫ్లాష్ అక్క. వేరే ఊరినుంచి వచ్చింది. తల్లి లేని పిల్లాణ్ణి ఎత్తుకుని పెంచింది ఆమే. టీవీ చూసి, మంత్రిగారి మాట నమ్మి, హంతకుణ్ణి మొహం మీదే అడగాలని వచ్చింది. వీధి వీధంతా తలుపుల్లో నిలబడి చూస్తోంది. చిలక భార్యే ధైర్యం చేసి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

చిలక రెండు చేతులూ జోడించాడు. కంగారులో ఆయనకి వచ్చిన మర్యాద భాష ఒక్కటే. మైకు భాష.

"అమ్మా, దయచేసి వినవలసిందిగా కోరుతున్నాను. మీ తమ్ముడూ నేనూ కలిసి పనిచేశాం, అంతే. ఆ టేపు నాకు తెలీదు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది.

"మళ్ళీ అను."

"ఏది?"

"ఆ దయచేసి అన్నావే, అది."

"దయచేసి వినవలసిందిగా కోరుతున్నాను" అన్నాడు అయోమయంగా.

ఆమె కుర్చీలో కూలబడింది. "ఆ రోజు మైకులో మా తమ్ముణ్ణి పిలిచింది నువ్వేనా?"

ఆమె చెప్పింది. ఆ ముందురోజు తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఒక పిచ్చిపని చేశాను, ఎలా బయటపడాలో తెలియట్లేదు, నువ్వు రా" అన్నాడు. బస్టాండుకి స్కూటరు మీద వస్తానన్నాడు. ఆమె దిగి ఎంతసేపు చూసినా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఉండబట్టలేక విచారణ కౌంటర్ దగ్గరికి వెళ్ళి తమ్ముడి పేరు చెప్పి మైకులో పిలిపించమంది. పిలిచారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ పిలిచారు. పొద్దు వాలేదాకా పిలిపిస్తూనే ఉంది. ఆఖరికి తనే ఆటోలో స్టూడియోకి వెళ్ళింది. అప్పటికే అక్కడ జనం మూగి ఉన్నారు.

"ఆఖరిసారి పిలిచినప్పుడు..." అని ఆమె ఆగింది. ఆ తరవాత మాట చిలకే అందుకున్నాడు.

"అక్కగారు సామాన్లతో ఎప్పటినుంచో నిలబడి ఉన్నారు. కన్నతల్లి లాంటి మనిషిని నిలబెట్టి మీరు ఎక్కడ తిరుగుతున్నారో గానీ, కాస్త జాలి తలిచి రావాలి."

ఆ రోజు బస్టాండంతా నవ్వింది. అన్నిసార్లు పిలిచినా రాని ఆ ఎవరో తమ్ముడి మీద ఆయనకి నిజంగానే ఒళ్ళు మండి, ఉన్న మర్యాద పక్కనపెట్టి మైకులో దులిపేశాడు. ఆమె చెప్పిన పేరు ఆయన అంతకుముందు విన్నది కాదు. రోజుకి ఎందరినో పిలుస్తాడు, ఇంటికెళ్ళేసరికి అన్నీ మరిచిపోతాడు. స్టేషన్లో ఆ కంగారులో కూడా అది గుర్తుకు రాలేదు. తను తిట్టింది ఫ్లాష్‌నని, తిడుతున్నప్పటికే వాడు వినే స్థితిలో లేడని ఇప్పుడు తెలిసింది. ఆయన నేలమీదే కూర్చుండిపోయాడు.

ఆమె ఏడవలేదు. "నేనూ తిట్టుకున్నానులెండి వాణ్ణి" అంది. నువ్వు కాస్తా మీరయింది. మీట నొక్కే రికార్డు సంగతి చిలక భార్య చెప్పగానే లేచి నిలబడింది. "పదండి, స్టేషనుకి పోదాం. ఆ మాటలు ఏ రికార్డులోనూ ఉండవుగా."

ఇన్‌స్పెక్టరు అంతా విని తల పట్టుకున్నాడు. "అమ్మా, మైకులో పిలిపించానని నాకు ముందే చెప్పారు. పిలిచిన మైకులో మనిషుంటాడన్న ఆలోచన నాకూ రాలేదు." బస్టాండులో టీకొట్టువాడు, పత్రికలు అమ్మేవాడు, కూలీలు, అందరికీ ఆ చివాట్లు గుర్తున్నాయి. ఇంతమంది చెప్పాక గుమాస్తాకి కూడా జ్ఞాపకశక్తి తిరిగొచ్చింది. కన్నంలోంచి చిలక మొహం చూశానన్నాడు, పైగా ఆ వేళ చిలక విసుక్కుంటూ తనచేత మంచినీళ్ళు తెప్పించుకున్నాడని కూడా చెప్పాడు.

"ఇంక నేను పట్టుకోవలసినవాళ్ళు పైవాళ్ళే మిగిలారన్నమాట" అన్నాడు ఇన్‌స్పెక్టరు నీరసంగా. "నా పెట్టె సర్దమని ఇంట్లో చెప్పాలి."

ఆయన పెట్టె సర్దుకోవలసే వచ్చింది గానీ, అంతలోపే చెయ్యవలసింది చేసేశాడు. టేపుని పరీక్షకి పంపాడు. అది అనుకరణ కాదు, సాక్షాత్తూ మంత్రిగారి గొంతేనని తేలింది. పోయిన కెమెరా పొరుగూళ్ళో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. అక్కడ అమ్మింది మంత్రిగారి అతిథిగృహం కాపలాదార్లిద్దరు. అంత పెద్ద పని మీద వెళ్ళినవాళ్ళకి అంత చిన్న కక్కుర్తి! పట్టుబడగానే వాళ్ళు మంత్రిగారి కార్యదర్శి పేరు చెప్పారు. కార్యదర్శి మాత్రం మంత్రిగారి పేరు చెప్పలేదు. అంతా తనే, తన సొంత బుద్ధితోనే చేయించానన్నాడు. కాపలాదార్లకి శిక్ష పడింది. కార్యదర్శి బెయిలు మీద బయట తిరుగుతున్నాడు.

మంత్రిగారు మళ్ళీ విలేకరుల ముందు కూర్చున్నారు. ఆ గొంతు తనదేనని ఈసారి ఒప్పుకున్నారు. "సంగతి తేల్చెయ్యండి అంటే, కూర్చోబెట్టి మాట్లాడి సామరస్యంగా తేల్చమని. తెలుగు రానివాళ్ళకి నేనేం చెప్పను? అంతేగా మరి" అన్నారు. పదవి పోయింది. ఏడాది తిరక్కుండా ఆయన ప్రతిపక్ష నాయకుడి పార్టీలోనే చేరారు. తరుక్కుపోయిన గుండెగల ఆ నాయకుడే ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. బావమరిది కూడా వెళ్ళి అక్కడి కచేరీలో కుర్చీలు సర్దుతున్నాడు.

చిలకని మళ్ళీ మైకు దగ్గర కూర్చోబెట్టారు. రికార్డు కూడా కొత్త ప్లాట్‌ఫారాలతో ఆయన చేతే మళ్ళీ చెప్పించారు. క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు. కార్యదర్శి కేసులో సాక్షిగా కోర్టుకి వెళ్తూనే ఉన్నాడు, వాయిదా పడుతూనే ఉంది. ఫ్లాష్ అక్క కూడా వస్తుంది. ఇద్దరూ కోర్టు వరండాలో బల్లమీద కూర్చుంటారు. వాడు చిన్నప్పుడు చేసిన అల్లరి ఆమె చెప్తుంటుంది, సభల్లో చేసిన అల్లరి ఈయన చెప్తుంటాడు. వాడు చేసిన పాపం సంగతి ఇద్దరూ ఎత్తరు. పిలుపు వస్తుంది, వాయిదా అంటారు, లేస్తారు.

మిమిక్రీకి పిలిస్తే ఇప్పటికీ వెళ్తాడు. కుక్కలు, స్కూటరు, కుళాయి, అంతవరకే. జనం "మంత్రి! మంత్రి!" అని అరుస్తారు. పెళ్ళాం పిల్లలున్నవాణ్ణి అని చేతులు జోడించి దిగిపోతాడు.

మొన్న ఎన్నికలు దగ్గరపడ్డాక ఒక పొద్దున ఆయన పనికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. చేసినవాడు మాజీ మంత్రిగారి కొత్త కార్యదర్శి. గొంతులో పంచదార పాకం కారుతోంది.

"మాష్టారూ, మా సార్ ప్రచారంలో తిరిగి తిరిగి గొంతు పోగొట్టుకున్నారండీ. ఓటర్లకి ఫోన్లో వినిపించే చిన్న విన్నపం ఉంది. సార్ గొంతులో మీరు చెప్పేస్తే మేం రికార్డు చేసుకుంటాం. సార్ స్వయంగా మీ పేరే చెప్పారు. ఆయనకన్నా మీరే బాగా చేస్తారట!"

చిలక నోరు తెరిచాడు. భార్య పక్కనుంచి అంతా వింటూనే ఉంది. ఫోన్ లాక్కుంది.

"ఆయన గొంతు ఖాళీ లేదండీ. బస్సులకి కావాలి" అని పెట్టేసింది.

"నన్నే చెప్పనివ్వొచ్చుగా!" అన్నాడాయన ఉక్రోషంగా. "నాకు మాత్రం నోరు లేదా?"

"ఉంది. కోపమొస్తే ఏ గొంతుతో చెప్తారోనని భయం" అందావిడ, టిఫిన్ డబ్బా చేతిలో పెడుతూ.

ఆయన డబ్బా అందుకున్నాడు. తిట్టబోయి నోరు తెరిచినప్పుడు గొంతులో ముందుగా కదిలింది ఆ కంకర సకిలింపే.